చేవ్రాలు ఎంత పొడుగుండాలి?

పీహెచ్‌డీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నేను మొదట చేసిన పని నా ఈమెయిల్ కింద వచ్చే సంతకాన్ని మార్చుకోవడం. అప్పటిదాకా ఒట్టి పేరు మాత్రమే ఉండేది. పేరు ముందు 'డా.' చేర్చాను. కింద శాఖ పేరు, విశ్వవిద్యాలయం పేరు, పరిశోధన విషయం, ఫోన్ నంబరు. మొత్తం ఐదు వరుసలు. ఆరేళ్ల చాకిరీని ఆ ఐదు వరుసల్లో చూసుకుని ఆ రాత్రి కాస్త మురిసిపోయిన మాట కూడా నిజం.

అప్పట్లో నేనొక తెలుగు సాహిత్య చర్చా గ్రూపులో సభ్యురాలిని. మాటలన్నీ ఈమెయిల్ ఉత్తరాల్లోనే నడిచేవి. ఆ వారం చలం స్త్రీ పాత్రల మీద చర్చ జోరుగా సాగుతోంది. నేను రెండు రాత్రులు కూర్చుని ఓ పొడుగాటి ఉత్తరం రాశాను. మర్నాడు పొద్దున్నే గ్రూపులో ఒక పెద్దాయన నుంచి జవాబొచ్చింది. "అమ్మాయీ, ఇక్కడ మనమందరం సాహిత్యాభిమానులమే. డాక్టరేట్లు గుమ్మం బయట చెప్పుల్లా విడిచి రావడం మర్యాద. పైగా సంతకం నాలుగు వరుసలు దాటకూడదని మన నియమం." అంతే. చలం గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఉత్తరం కింద ఆయన సంతకం ఉంది. లెక్కపెట్టాను. చేసి విరమించిన ఉద్యోగం, అందుకున్న రెండు పురస్కారాలు, అచ్చయిన పుస్తకాలు, ఒకప్పుడు అధ్యక్షత వహించిన సంఘం, ఇంటి చిరునామా. తొమ్మిది వరుసలు.

నేను ఎదురు చెప్పలేదు. సిగ్గుపడ్డాను. క్షమించమని రాసి, సంతకాన్ని మళ్లీ ఒట్టి పేరుకి కుదించుకున్నాను. చలం మీద నేనన్న మాటలు ఎవరూ పట్టించుకోలేదన్న సంగతి చాలా రోజుల తర్వాత గాని నాకు తట్టలేదు. ఈ వ్యాసం ఆ పెద్దాయన మీద ఫిర్యాదు కాదు. ఫిర్యాదంటూ ఉంటే అది నా మీదే ఎక్కువ ఉంది. దాని దగ్గరకి వస్తాను. ముందు ఆ నాలుగు వరుసల నియమాన్ని ఒక పాఠ్యంలాగా చదవాలి. సాహిత్య విమర్శ నేర్చుకున్నవాళ్లం కథల్నీ కవితల్నీ విప్పి చూస్తాం గాని, మన మీద రోజూ పనిచేసే ఇలాంటి చిన్న చిన్న నియమాల్ని చదవం.

ఈ లెక్క ఎక్కడిది? 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1855 అని ఒక పత్రం వెలువడింది. ఇంటర్నెట్ పనిచేసే పద్ధతుల్ని నమోదు చేసే పత్రాల వరసలో అదొకటి. నెట్‌లో ఎలా మసలుకోవాలో చెప్పే మర్యాదల జాబితా అది. అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టుంటుందని, కోపంలో జవాబు పంపొద్దని, ఇవాళ మనం ఎవరు చెప్పారో తెలియకుండానే పాటించే సంగతులు చాలా అందులో ఉన్నాయి. సంతకం గురించి ఆ పత్రం రెండు మాటలంటుంది. ఒకటి, మీరెవరో చదివేవాళ్లకి తెలిసేలా ఉత్తరం చివర ఒకటి రెండు వరుసల్లో వివరాలివ్వండి. రెండు, సంతకం పెడితే చిన్నదిగా పెట్టండి, నాలుగు వరుసలు మించకపోతే మంచిది. దీనికి కారణం కూడా చెప్పింది. చాలామంది కనెక్షన్‌కి నిమిషాల లెక్కన డబ్బు కడుతున్నారు, మీ ఉత్తరం ఎంత పెరిగితే వాళ్లకి అంత ఖర్చు. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది కూడా ఆ సంవత్సరమే, ఆగస్టు 15న. ఫోన్ లైను మీద కీచుమంటూ కనెక్షన్ కలిసిన రోజులు గుర్తున్నవాళ్లకి ఆ కారణంలో న్యాయం కనిపిస్తుంది. ఇది అణకువ గురించి పెట్టిన నియమం కాదు. అవతలివాళ్ల జేబు గురించి పెట్టిన నియమం.

ఇంకో విషయం. ఆ పత్రం మొదటి పేజీలో రచయిత పేరు 'ఎస్. హాంబ్రిడ్జ్' అని మాత్రమే ఉంటుంది. నేను చాలాకాలం ఎవరో మగాయన అనుకున్నాను. ఒకసారి చివరిదాకా చదివితే అక్కడ పూర్తి పేరు కనిపించింది. శాలీ హాంబ్రిడ్జ్, ఇంటెల్ కార్పొరేషన్. మొదట పొడి అక్షరం రాయడం ఆ పత్రాలన్నిటికీ ఉన్న పద్ధతి, ఆవిడ దాచుకున్నదేమీ లేదు. నాలుగు వరుసల లెక్క కూడా ఆవిడ కనిపెట్టింది కాదు, అంతకుముందే యూజ్‌నెట్‌లో అలవాటుగా ఉన్నదాన్ని రాతలో పెట్టింది. కానీ నన్ను ఆపింది నా పొరపాటు. స్త్రీవాద విమర్శలో డాక్టరేట్ చేసిన నేను, ఒక పొడి అక్షరం చూడగానే దాని వెనక మగమనిషిని నిలబెట్టేశాను. పేరు కురచగా ఉంటే మిగిలిన ఖాళీని మన అలవాటు పూరిస్తుంది. ఆ అలవాటు ఎప్పుడూ తటస్థంగా ఉండదు.

ఆ నెట్ ప్రపంచం మొదటి రోజుల నుంచీ మగవాళ్లతో నిండినదే. అందుకే 1987లో అనితా బోర్గ్ కంప్యూటర్ రంగంలోని స్త్రీల కోసమే 'సిస్టర్స్' అనే ఈమెయిల్ గ్రూపు మొదలుపెట్టాల్సి వచ్చింది. 1990ల మొదట్లో సుసాన్ హెరింగ్ అనే భాషాశాస్త్రవేత్త విద్యావేత్తల ఈమెయిల్ చర్చల్ని పరిశీలించి, పురుషుల ఉత్తరాలు సంఖ్యలోనూ ఎక్కువే, పొడవులోనూ ఎక్కువేనని చూపించింది. చదివేవాళ్ల నిమిషాలు నిజంగా ఎక్కడ ఖర్చయ్యాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా ఆ నాలుగు వరుసల లెక్క ఉత్తరం పొడవు మీద రాలేదు. సంతకం పొడవు మీద వచ్చింది.

మన ఉత్తరాల సంగతి చూస్తే, పేరు చుట్టూ ఎన్ని మాటలుండాలన్నది మనకి కొత్త ప్రశ్నేమీ కాదు. పాత తెలుగు ఉత్తరాల్లో మగవాడికి 'మహారాజరాజశ్రీ' ఉండేది. ఆడదానికి 'చి.ల.సౌ.' ఉండేది. చిరంజీవి, లక్ష్మీ, సౌభాగ్యవతి. ఆ మూడు పొడి అక్షరాల్లో ఆమె చదువు లేదు, పని లేదు, భర్త బతికి ఉన్నాడన్న వార్త మాత్రం ఉంది. ఆయన పోయిన మర్నాటి నుంచీ ఆ అక్షరాలు పోయి 'గంగాభాగీరథీ సమానురాలైన' అన్న మాట వచ్చి కూర్చునేది. ఎంత పవిత్రమైన మాట! కవరు మీద అది చూసిన పోస్ట్‌మాన్‌కి కూడా ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. భర్తకి రాసే ఉత్తరం చివర 'మీ పాదదాసి' అని పెట్టేవారు. అంటే ఆడవాళ్ల సంతకం ఎప్పుడూ చిన్నదిగా లేదు. పొడుగ్గానే ఉంది. అందులోని మాటలు మాత్రం ఆమెవి కావు.

మా అమ్మమ్మ పొలం కాగితాలు నా దగ్గరున్నాయి. వేలిముద్ర పక్కన దస్తావేజు లేఖరి తన చక్కని దస్తూరీతో 'ఫలానా వారి భార్య ఫలానా నిశాని' అని రాశాడు. తన పేరు ఎక్కడుందో ఆవిడకి తెలియదు. అందుకే 'చేవ్రాలు' అన్న మాట నాకు ఇష్టం. చేత్తో రాసుకున్నది అని అందులోనే ఉంది. అక్షరం నేర్చుకునే ఆడమనిషి చాలాచోట్ల మొదట దిద్దేది తన చేవ్రాలే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు 'సీతమ్మ కథ' పాఠం చదివి, 1992 నాటికి దూబగుంట నుంచి సారా దుకాణాలకి ఎదురు తిరిగారన్నది మనకి తెలిసిన చరిత్రే. పేరు రాయడం నేర్చుకున్న చెయ్యి పేరు దగ్గరే ఆగదు.

సాహిత్యంలోకి వద్దాం. 1902లో 'ధనత్రయోదశి' కథ రాసిన అచ్చమాంబ పుట్టింటివారు కొమర్రాజు వారు. కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు. అక్క మన చరిత్రలో 'భండారు'గా నిలిచింది. తమ్ముడి ఇంటిపేరు పుట్టినప్పటి నుంచీ చివరిదాకా ఒక్కటే. ఇందులో కొత్తేముంది అంటారు. కొత్తేమీ లేదు. ఒక స్త్రీ సంతకంలో అన్నిటికన్నా స్థిరంగా ఉండాల్సిన మాట మధ్యలో మారిపోవడం మనకి కొత్తగా అనిపించకపోవడమే అసలు విషయం.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో కథ నడిచింది. 'ఆంధ్రజ్యోతి' వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతో వచ్చేవి. రాసింది ఆమె భర్త పురాణం సుబ్రహ్మణ్యశర్మ. బీనాదేవి అన్న పేరు వెనక భాగవతుల త్రిపురసుందరి, నరసింగరావు దంపతులిద్దరూ ఉన్నారు. వసుంధర పేరు వెనక జొన్నలగడ్డ రామలక్ష్మి, రాజగోపాలరావు ఉన్నారు. దంపతులు కలిసి ఒక పేరు ఎంచుకోవడం వేరు, భార్య పేరుని అరువు తీసుకుని ఇల్లాలి గొంతుతో మాట్లాడడం వేరు. కానీ మూడిట్లోనూ ఒకటి కనిపిస్తుంది. మగవాడికి ఆడపేరు ఒక వెసులుబాటు. పేరు తీసుకుంటాడు, దానితో వచ్చే ఇబ్బంది తీసుకోడు.

ఇక్కడ అకడమిక్ మిత్రులకి పరిచయమున్న ఒక వాదం గుర్తు చేస్తాను. 1669లో పారిస్‌లో ఒక పోర్చుగీసు సన్యాసిని రాసినట్టుగా ఐదు ప్రేమలేఖలు అచ్చయ్యాయి. తరాల పాటు పాఠకులు అవి నిజంగా ఒక స్త్రీ రాసినవేనని నమ్మారు. వాటిని గియెరాగ్ అనే పురుషుడు రాశాడని ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటున్నారు. 1982లో 'డయాక్రిటిక్స్' పత్రికలో పెగ్గీ కమూఫ్, నాన్సీ మిల్లర్ స్త్రీ సంతకం గురించి వాదించుకున్నారు. రచన కింద ఆడపేరుందా అని చూసి చదవడమంటే, పేరునీ హక్కునీ ఆస్తినీ ఒకటిగా చూసే తండ్రుల పద్ధతికే మళ్లీ తలవంచడమని కమూఫ్ భయం. ఆ ఉత్తరాలు రాసింది స్త్రీయా పురుషుడా అన్నది తనకి ముఖ్యమేనని మిల్లర్ పట్టుదల. రచయిత చనిపోయాడని రొలాండ్ బార్త్ 1960ల చివర్లో ప్రకటించిన మాట గురించి కూడా మిల్లర్ తర్వాత రాసింది. అధికారపు బరువు మోసిన మగరచయితకి ఆ చావు విముక్తి కావచ్చు. రచయితగా ఇంకా పుట్టనే లేదని అనిపించుకుంటున్న ఆడదానికి అదెలా వర్తిస్తుందన్నది స్థూలంగా ఆమె వాదం.

విద్యార్థినిగా ఉన్నప్పుడు నాకు కమూఫ్ తెలివి నచ్చింది. పురాణం సీత ఉదాహరణ కూడా ఆమెకే బలమిస్తుంది, సంతకం దేనికీ హామీ కాదు. ఇప్పుడు మిల్లర్ వైపు మొగ్గుతున్నాను. కారణం సిద్ధాంతం కాదు. ఈమెయిల్ కింద ఉండే ఆ నాలుగు వరుసలు. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఏం కనిపిస్తుందో చెప్తాను.

మొదటిది 'డా.'. మా గ్రూపులో డాక్టరేట్ ఉన్న మగవాళ్లని 'డాక్టర్ గారూ' అనేవారు. ఆడవాళ్లని 'అమ్మా' అనేవారు, వయసు తక్కువైతే 'అమ్మాయీ'. తెలుగులో 'అమ్మా' అన్న పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో అంత పనీ చేస్తుంది. వాదనలో ఉన్న మనిషిని తీసుకెళ్లి వంటింటి గడప మీద కూర్చోబెడుతుంది. 'డా.' ఆ పిలుపుకి అడ్డుపడుతుందనే నేను పెట్టుకున్నాను. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. డిగ్రీ లేకుండా గొప్ప కథలు రాసిన రచయిత్రులకి నా 'డా.' ఒక గోడలా కనిపించి ఉంటుంది. నాకు రక్షణ అయినది ఇంకొకరికి అడ్డం కావచ్చు. అదే ముందు ముందు నేను చేసిన తప్పు.

రెండోది ఇంటిపేరు, తోక పేరు. ఇక్కడే నాలుగు వరుసల లెక్క అసలు రంగు బయటపడుతుంది. మన పేర్లలో రెడ్డి, శర్మ, చౌదరి, శాస్త్రి లాంటి మాటలు పేరు లోపలే కూర్చుని ప్రయాణం చేస్తాయి. వాటికి వేరే వరుస అక్కర్లేదు. కులం, ప్రాంతం, కొన్నిసార్లు ఆస్తి కూడా ఒక్క పేరులో ఇమిడిపోతాయి. ఒక్క వరుసలో ఆయన ఎవరో అందరికీ అర్థమవుతుంది. ఆయన అణకువ గలవాడు కూడా అవుతాడు. ఆ సౌకర్యం లేనివాళ్లు తామెవరో చెప్పాలంటే కింద ఇంకో రెండు వరుసలు రాసుకోవాలి. అప్పుడు అది అతి అవుతుంది, 'ఇక్కడ రాజకీయాలెందుకు' అనిపించుకుంటుంది. అందరికీ ఒకే నాలుగు వరుసలు అంటే వినడానికి సమానత్వమే. కానీ కొందరి పేరులోనే నలభై వరుసల చరిత్ర మడతపెట్టి ఉంటుంది.

మూడోది ఫోన్ నంబరు. మీరెవరో తెలిసేలా వివరాలివ్వమని ఆ 1995 పత్రం మర్యాదగానే అడిగింది. నేనూ ఇచ్చాను. మొదటి నెలలో రాత్రి పదకొండింటికి మూడు ఫోన్లు వచ్చాయి. 'మేడమ్, మీ ఉత్తరం చదివాను, మీ గొంతు కూడా అంత బావుంటుందా అని' అన్నాడొకాయన. నంబరు తీసేశాను. తర్వాత ఏడాది ఒక సంకలనం కోసం నా వ్యాసం వేసుకుందామనుకున్న సంపాదకురాలికి నన్ను ఎలా పట్టుకోవాలో తెలియలేదని ఎప్పుడో విన్నాను. కనిపిస్తే వెంటపడతారు, కనిపించకపోతే మర్చిపోతారు. మగ మిత్రులు సంతకంలో నంబరు పెట్టేటప్పుడు ఈ బేరం ఆడుకోవాల్సిన పని లేదు. ఇవాళ మన సాహిత్య చర్చలు చాలావరకు వాట్సాప్‌లోకి మారాయి. అక్కడ గ్రూపులో చేరడమంటే నంబరు అందరి చేతికీ ఇవ్వడమేనన్నది మనందరి అనుభవం. మా ఊళ్లో చక్కటి కవిత్వం రాసే ఒకావిడ ఆ ఒక్క కారణంతో ఏ గ్రూపులోనూ చేరలేదు. ఆవిడకి సాహిత్యం మీద ఆసక్తి లేదనుకుంటారు.

నాలుగోది చివర పెట్టుకునే సూక్తి. ఒకాయన సంతకం కింద గీతా శ్లోకం ఉండేది. ఇంకొకాయన కింద శ్రీశ్రీ పాదం. వాటిని ఎవరూ వరుసల్లో లెక్కపెట్టలేదు. అలవాటైన మాట కంటికి అడ్డం తగలదు. అలవాటు లేని మాటే పొడుగ్గా కనిపిస్తుంది.

ఇప్పుడు నా తప్పు. కొన్నేళ్ల తర్వాత అదే గ్రూపుకి నేను మోడరేటర్‌నయ్యాను. మొదటి మహిళా మోడరేటర్ అని అభినందనలు కూడా వచ్చాయి. ఆ రోజుల్లో ఉత్తర తెలంగాణ నుంచి ఒకమ్మాయి చేరింది. ఎంఏ చదువుతోంది. దళిత స్త్రీల కథల మీద నడుస్తున్న చర్చలో చిన్న ఉత్తరం రాసింది, పది వాక్యాలు ఉంటాయేమో. దాని కింద ఆరు వరుసల సంతకం. తన పేరు. బీడీలు చుట్టే ఫలానామె బిడ్డ అని తల్లి పేరు. ఊరి పేరు, వాడ పేరు. చదువుతున్న కాలేజీ. కుటుంబంలో కాలేజీకి వచ్చిన మొదటి ఆడపిల్లనని ఒక వాక్యం. చివర సావిత్రీబాయి ఫూలే పేరుతో ఒక నమస్కారం.

ఇద్దరు సభ్యులు నాకు విడిగా రాశారు. నియమం అందరికీ ఒకటే కదా అని. నేను వెంటనే ఆ అమ్మాయికి చాలా మర్యాదగా ఉత్తరం రాశాను. సంతకం నాలుగు వరుసలకి కుదించమని, ఇది వ్యక్తిగతంగా తీసుకోవద్దని. ఒక గంటలో జవాబొచ్చింది. ఒకే వాక్యం.

"ఏ లైను తీసెయ్యమంటరు మేడమ్?"

నాకది అమాయకమైన ప్రశ్నలా అనిపించింది. నియమాలున్న పేజీ లింకు పంపి ఊరుకున్నాను. ఆమె తర్వాతి ఉత్తరంలో సంతకం లేనే లేదు. పేరు కూడా లేదు. ఈమెయిల్ ఐడీలో పొడి అక్షరాలు, అంకెలు. ఎవరో 'సార్, మీరు చెప్పింది బాగుంది' అని జవాబిచ్చారు. ఇంకొకరు 'తమరెవరో తెలియజేస్తే చర్చకి బాగుంటుంది' అన్నారు. ఆమె తెలియజేయలేదు. నెల తిరక్కుండా గ్రూపు వదిలి వెళ్లింది. సభ్యుల జాబితాలో ఒక అంకె తగ్గింది, అంతే.

ఆ ప్రశ్నని నేను ఇప్పుడు ఎన్నోసారో చదువుతున్నాను. అది అమాయకమైన ప్రశ్న కాదు, విమర్శ. తల్లి పేరు తీసెయ్యనా, ఊరు తీసెయ్యనా, వాడ తీసెయ్యనా, మీరే చెప్పండి, చెప్పి ఆ బాధ్యత మీరు తీసుకోండి అని. ఫలానా మహాకవి మనవణ్ణి అని సంతకంలో పెట్టుకున్న సభ్యుడు మా గ్రూపులోనే ఉన్నాడు. ఆయనకి నేనెప్పుడూ రాయలేదు. తాత కావ్యాలు రాస్తే అది వంశం. తల్లి బీడీలు చుడితే అది సంతకం పొడవు. ఒకప్పుడు ఒక పెద్దాయన నాకు చేసిన పనినే నేను ఆ అమ్మాయికి చేశాను. ఇంకాస్త మర్యాదగా చేశాను, అంతే తేడా. నాకు కనీసం విశ్వవిద్యాలయం ఉంది, సంతకం తీసేసినా నిలబడ్డాను. ఆమెకి ఆ గ్రూపులో ఉన్న ఆధారం ఆ ఆరు వరుసలే.

నేను అప్పుడు కాపాడింది దేన్ని? నిమిషాల లెక్కన డబ్బు కట్టే రోజులు పోయి చాలాకాలమైంది. ఆమె రెండు వరుసలు ఎక్కువ రాసినందువల్ల ఎవరి జేబుకీ చిల్లు పడలేదు. కారణం చచ్చిపోయినా నియమం బతికే ఉంది. బతికిన నియమం కొత్త పని వెతుక్కుంది. అవతలివాళ్ల ఖర్చు గురించి పుట్టింది కాస్తా, ఎవరు తమ గురించి ఎంత చెప్పుకోవచ్చో తేల్చే కొలబద్దగా మారింది. మర్యాదలన్నిటి చరిత్రా ఇంతేనేమో. ఎవరికోసం పుట్టాయో మర్చిపోయి, ఎవర్ని ఆపాలో మాత్రం గుర్తుపెట్టుకుంటాయి.

సంతకం గురించిన పాత పద్ధతుల్లో ఇంకొకటుంది. ఉత్తరానికీ సంతకానికీ మధ్య ఒక వరుసలో రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ పెట్టాలి. ఆ గుర్తు చూసి మెయిల్ ప్రోగ్రాములు కింది భాగాన్ని మసక రంగులో చూపిస్తాయి, జవాబు రాసేటప్పుడు దాన్ని వదిలేస్తాయి. ఎంత చక్కని ఏర్పాటు! చెప్పిన మాట పైకి, చెప్పిన మనిషి కిందికి. మాట ముందుకి పోతుంది, మనిషి రాలిపోతుంది. యంత్రం సౌకర్యం కోసం అలా చేస్తుంది, దాన్ని తప్పుపట్టలేం. కానీ మనం కూడా అలాగే చదవడం అలవాటు చేసుకున్నాం. ఆ అమ్మాయి రాసిన పది వాక్యాల బలం కింది ఆరు వరుసల్లో ఉందని నేను చూడలేదు. దళిత స్త్రీల కథల గురించి మాట్లాడుతున్నది ఎవరో తెలిస్తే ఆ వాక్యాలకి వచ్చే అర్థం వేరు. సిద్ధాంతంలో నేను మిల్లర్ వైపు ఎందుకు మొగ్గానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

అయితే మర్యాదలే వద్దా? కావాలి. పాతిక వరుసల బిరుదుల జాబితా కిందికి జరుపుకుంటూ పోవాలంటే నాకూ విసుగే. చదివేవాళ్ల కళ్లని గౌరవించి క్లుప్తంగా రాయమనడంలో తప్పు లేదు. నేను కోరేది మూడు సంగతులే. లెక్క పెడితే అందరికీ పెట్టండి, పురస్కారాలకీ తాతల పేర్లకీ కూడా. ఎన్ని వరుసలో గ్రూపు చెప్పవచ్చు గాని, ఏ వరుసలో చెప్పే హక్కు రాసినామెదే. ఫోన్ నంబరు, చిరునామా ఎవర్నీ అడగొద్దు, నిర్వహించేవాళ్ల దగ్గరుంటే చాలు. వీటన్నిటికన్నా ముందు ఇంకొకటుంది, నియమాల్లో రాయలేనిది. జవాబు రాసే ముందు కిందిదాకా చదవండి. అక్కడ ఆమె తనని తాను ఏమని చెప్పుకుందో చూసి, అలాగే పిలవండి. 'డా.' అని పెట్టుకుంటే డాక్టర్ గారూ అనండి. ఫలానామె బిడ్డనంటే ఆ తల్లి పేరు గుర్తుపెట్టుకోండి.

పోయినేడు ఆ అమ్మాయికి క్షమాపణ రాశాను. ఆలస్యమైందని తెలుసు. ఉత్తరం తిరిగొచ్చింది. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఐడీ అది, చదువు అయిపోగానే మూసేసినట్టున్నారు. ఆమె ఇంకా రాస్తోందో లేదో, ఏ పేరుతో రాస్తోందో నాకు తెలియదు. పత్రికల్లో కొత్త రచయిత్రుల పరిచయాల్లో బీడీలు చుట్టే తల్లి ప్రస్తావన ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూస్తుంటాను.

ఈ వ్యాసం పంపబోతుంటే సంపాదకుల దగ్గర్నుంచి మామూలుగా వచ్చే సూచన వచ్చింది. రచయిత్రి పరిచయం రెండు లైన్లకి మించకుండా పంపండి అని. తప్పేమీ లేదు, పేజీలో చోటు అంతే ఉంటుంది. రాసుకున్న ఐదు లైన్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. చదువు, ఉద్యోగం, వేలిముద్ర వేసిన అమ్మమ్మ, ఊరు, చేసిన తప్పు. ఏ లైను తీసెయ్యాలో ఇంకా తేలలేదు.